లైసెన్సు సేవల కంప్యూటరీకరణ – ప్రజా సంతృప్తి

బండి నడపడానికి, ఇల్లు కట్టుకోవడానికి, దుకాణమో పరిశ్రమో పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతులను కాగితం ఫైళ్ల మీద కాకుండా కంప్యూటర్ వ్యవస్థల ద్వారా జారీ చేయడాన్ని లైసెన్సు సేవల కంప్యూటరీకరణ అంటారు. ఆ సేవ కోసం జనం ఎన్నిసార్లు తిరిగారు, ఎంతసేపు నిలబడ్డారు, ఎంత ఖర్చుపెట్టారు, ఎవరి చెయ్యి అయినా తడపవలసి వచ్చిందా, మొత్తం మీద ఏమనుకుంటున్నారు అన్నవాటిని కలిపి ప్రజా సంతృప్తిగా లెక్కగడతారు. భారతదేశంలో ఈ ప్రయోగాలు పెద్ద ఎత్తున ముందుగా జరిగిన చోట్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. లైసెన్సులన్నిటిలో సామాన్యుడికి బాగా పరిచయమైనది డ్రైవింగ్ లైసెన్సు కాబట్టి ఈ వ్యాసం ప్రధానంగా రవాణా శాఖ చుట్టూనే తిరుగుతుంది. భవన నిర్మాణ, పారిశ్రామిక అనుమతుల ప్రస్తావన అవసరమైన మేరకే.

కరెంటు బిల్లు కట్టేవాళ్లందరి కోరికా ఒక్కటే: పని త్వరగా అయిపోవాలి. లైసెన్సు సంగతి అలా కాదు. అర్హత లేనివాడిని వెనక్కి పంపడం కూడా ఆ సేవలో భాగమే. బండి నడపడం రానివాడి చేతిలో అరగంటలో లైసెన్సు పెడితే అతను పూర్తి సంతృప్తితో ఇంటికి వెళతాడు. రేపు రోడ్డు మీద అతనికి ఎదురొచ్చేవాళ్ల అభిప్రాయం మాత్రం ఏ సర్వేలోనూ ఉండదు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. సంతృప్తి సర్వేల శాతాలను చదివేటప్పుడు ఈ రెండో పక్షాన్ని మరిచిపోతే చాలా అంకెలు తలకిందులుగా అర్థమవుతాయి.

కౌంటరు దగ్గర మొదలైన మార్పు

తెలుగు నేల మీద పౌరసేవల కంప్యూటరీకరణ లైసెన్సులతో మొదలు కాలేదు, ఆస్తుల రిజిస్ట్రేషన్‌తో మొదలైంది. 1998 నవంబరు 4న స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ 'కార్డ్' అనే వ్యవస్థను 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ప్రారంభించింది. దాని రూపకర్త ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. ఆస్తి మీది లావాదేవీలను చూపే ధ్రువపత్రం (ఈసీ) కోసం రోజుల తరబడి తిరగడం అలవాటైన జనానికి అది నిమిషాల్లో చేతికి రావడం అప్పట్లో వింతే. అయితే దస్తావేజు లేఖరుల బల్లలు ఆఫీసు గేటు దగ్గర నుంచి కదల్లేదు. ఆఫీసు లోపల యంత్రం వచ్చాక కూడా బయట మనిషి అవసరం తీరలేదన్నమాట. రవాణా శాఖ కథలోనూ ఇదే మళ్లీ ఎదురవుతుంది.

రవాణా శాఖ కోసం తయారైన వ్యవస్థ పేరు 'ఫాస్ట్'. 2000 ప్రాంతంలో విజయవాడలో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ వ్యవస్థ లెర్నర్ లైసెన్సులు, డ్రైవింగ్ లైసెన్సులు, వాహనాల రిజిస్ట్రేషన్, పర్మిట్లు, పన్నులు అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తేవడానికి ఉద్దేశించింది. అదే కాలంలో, 1999 డిసెంబరులో, జంట నగరాల్లో 'ట్విన్స్' పేరుతో బిల్లుల చెల్లింపు కేంద్రం తెరిచారు. 2001 ఆగస్టులో అది ఈసేవగా విస్తరించింది. ఏసీ గది, టోకెన్ నంబరు, ఏ కౌంటరులోనైనా ఏ బిల్లయినా కట్టగలగడం: ప్రభుత్వ కార్యాలయం ఇలా కూడా ఉండవచ్చని నగరవాసికి మొదటిసారి తెలిసింది అక్కడే. ఆ తర్వాత ప్రతి శాఖనూ జనం ఈసేవతోనే పోల్చి చూడడం మొదలుపెట్టారు. 2011 నవంబరులో వచ్చిన మీసేవ డిజిటల్ సంతకంతో ఉన్న ధ్రువపత్రాన్ని ఊళ్లోని కేంద్రం దాకా తెచ్చింది.

కేంద్ర స్థాయిలో 2006 మే నెలలో ఆమోదం పొందిన జాతీయ ఈ-గవర్నెన్స్ ప్రణాళికలో రోడ్డు రవాణా ఒక ప్రత్యేక ప్రాజెక్టు అయింది. జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం, అంటే ఎన్‌ఐసీ, వాహనాల రిజిస్ట్రేషన్‌కు 'వాహన్', లైసెన్సులకు 'సారథి' అనే సాఫ్ట్‌వేర్లను తయారుచేసింది. చాలా రాష్ట్రాలు వాటిలో చేరాయి. తెలుగు రాష్ట్రాలు మాత్రం చాలాకాలం సొంత వ్యవస్థలనే నడిపాయి. తెలంగాణ 2016లో వాహన రిజిస్ట్రేషన్ పత్రమైన ఆర్‌సీ, లైసెన్సులను ఫోనులో చూపించుకునే ఎం-వాలెట్‌ను తెచ్చింది. 2020లో డూప్లికేట్ లైసెన్సు వంటి కొన్ని సేవలను ఆఫీసుకు రాకుండానే టీ యాప్ ఫోలియో అనే మొబైల్ యాప్ ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. సొంత వ్యవస్థ ఉంటే స్థానిక అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. కానీ హైదరాబాద్‌లో లైసెన్సు తీసుకుని పుణేకో బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్లినవాడు అక్కడ చిరునామా మార్చుకోబోతే అతని వివరాలు అక్కడి తెర మీద కనిపించేవి కావు. తెలంగాణ సారథి వైపు మళ్లడం 2025లో మొదలైంది.

లైసెన్సుల పారదర్శకత గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా దక్షిణ కొరియాలోని సియోల్ నగరపాలక సంస్థ పేరు వస్తుంది. 1999లో అక్కడ 'ఓపెన్' అనే వ్యవస్థ పెట్టారు. భవన అనుమతి లాంటి దరఖాస్తు ఏ అధికారి బల్ల మీద ఉంది, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు కదిలింది అన్నది దరఖాస్తుదారు ఇంట్లోంచే చూసుకోగలిగాడు. ఫైలు ఎక్కడ ఆగిందో అందరికీ కనిపిస్తే ఆపడానికి ధైర్యం చాలదన్నది దాని వెనుక ఆలోచన. ఇప్పుడు మన పోర్టళ్లలో 'అప్లికేషన్ స్టేటస్' అని ఉండే మీట ఆ తరహా ఆలోచనే.

దరఖాస్తుదారు నడిచే దారి

ఏ మెట్టు దగ్గర జనానికి సంతోషం, ఏ మెట్టు దగ్గర చిరాకు అన్నది తెలియాలంటే ఆ దారి వెంట నడవాలి. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ లోపు గేర్లు లేని బండికి 16 చాలు. జనం నోట ఎల్‌ఎల్‌ఆర్‌గా స్థిరపడిన లెర్నర్ లైసెన్సు మొదటి మెట్టు. 2016 డిసెంబరులో కేంద్రం సవరించిన రుసుముల ప్రకారం దానికి ఒక్కో తరగతి వాహనానికి 150 రూపాయలు, పరీక్షకు 50. తర్వాత డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సు జారీకి 200. వీటి మీద రాష్ట్రాల సర్వీసు చార్జీలు ఉంటాయి. రుసుము ఆన్‌లైన్‌లోనే కట్టాలి, తేదీ, సమయం ఎంచుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి.

పరీక్ష గదిలో వరసగా కంప్యూటర్లు. తెర మీద ఎర్రటి త్రికోణంలో ఒక బొమ్మ, కింద జవాబులు. తెలుగు ఎంచుకుంటే ప్రశ్నలు తెలుగులోనే వస్తాయి. ట్రాఫిక్ గుర్తులతో పాటు ప్రమాదం జరిగితే డ్రైవరు ఏం చేయాలి, కాపలా లేని రైల్వే గేటు దగ్గర ఏ జాగ్రత్త తీసుకోవాలి, బండిలో ఏ కాగితాలు ఉండాలి అన్నవి అడగాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. అరవై శాతం సరిగా చెబితే గట్టెక్కినట్టే. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. మొత్తం వ్యవస్థలో వాదనకు తావు లేకుండా నడిచే భాగం ఇదే అనిపిస్తుంది. తప్పినవాడు యంత్రాన్ని తిట్టుకోడు, సరిగా చదవలేదని తనను తాను తిట్టుకుంటాడు.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. కనీసం 30 రోజులు గడిచాకే అసలు పరీక్షకు వెళ్లాలి. ఇక్కడ కంప్యూటర్ పక్కకు తప్పుకుని ట్రాక్ వస్తుంది. ద్విచక్ర వాహనమైతే ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారి వెంట కాలు కింద పెట్టకుండా తిప్పాలి. కారైతే హెచ్ ఆకారపు దారిలో గీత తొక్కకుండా ముందుకీ వెనక్కీ నడపాలి. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించాలి. పక్కన నిలబడి చూసేది మోటారు వాహనాల తనిఖీ అధికారి, ఊళ్లో ఇప్పటికీ 'బ్రేక్ ఇన్‌స్పెక్టరు' అని పిలిచే ఆయనే. కాలు కింద ఆనిందా లేదా, గీత తొక్కాడా లేదా అన్న తీర్పు చాలా చోట్ల ఆయన కంటిదే. తప్పితే వారం ఆగి మళ్లీ రావాలి.

నెగ్గినవాడి ఫోనుకు సంక్షిప్త సందేశం వస్తుంది, కార్డు ఇచ్చే చోట అది పోస్టులో ఇంటికి వస్తుంది. డబ్బు కౌంటరులో చేతులు మారకపోవడం, ఏ రోజు ఎన్ని గంటలకు వెళ్లాలో ముందే తెలియడం, కార్డు కోసం మళ్లీ ఆఫీసు గడప తొక్కనక్కరలేకపోవడం: జనం మెచ్చుకునేవి ముఖ్యంగా ఈ మూడు. చిరాకు పెట్టేవి వేరే ఉన్నాయి. 'సారు సీట్లో లేరు' అనే పాత జవాబు స్థానంలో 'సర్వరు డౌన్' వచ్చింది. నగరాల్లో సెలవు రోజుకు ముందూ వెనకా స్లాట్లు దొరకవు. తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తంటా ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో చివరికి వెళ్లి కూర్చుంటుంది. పాత గుమస్తా ఇవన్నీ ఒక మనిషివేనని ఒక్క చూపులో గ్రహించేవాడు. యంత్రానికి ఆ ముగ్గురూ వేర్వేరు మనుషులు. పేరు సరిచేసుకోవడానికి ఆధార్ కేంద్రం చుట్టూ తిరిగిన తిరుగుడు రవాణా శాఖ ఖాతాలో పడదు, పడాల్సింది అక్కడే అయినా.

సంతృప్తిని ఎలా కొలుస్తారు

వినియోగదారుడి సంతృప్తి మీద వచ్చిన సిద్ధాంతాల్లో ఎక్కువగా ఉదహరించేది 1980లో రిచర్డ్ ఆలివర్ ప్రతిపాదించింది. మనిషి ముందుగా ఆశించినదానికీ తనకు దక్కినదానికీ మధ్య తేడాయే అతని సంతృప్తిని నిర్ణయిస్తుందని దాని సారం. సేవల నాణ్యతను కొలవడానికి పరశురామన్, జైథామల్, బెర్రీ 1988లో రూపొందించిన 'సర్వ్‌క్వాల్' ప్రశ్నావళి కూడా ఈ దారిలోదే. ప్రభుత్వ కార్యాలయాల విషయంలో ఈ సిద్ధాంతానికి ఒక చేదు కోణం ఉంది. ఏళ్ల తరబడి విసిగిపోయినవాడి ఆశ ఎంత తక్కువంటే, నాలుగుసార్లు తిరిగినచోట రెండుసార్లకు పని అయితే చాలు, ఐదుకి ఐదు మార్కులు వేస్తాడు. వాడకం పెరిగి ఆశలు పెరిగాక అదే సేవకు మార్కులు తగ్గుతాయి. అందువల్ల కొత్తగా కంప్యూటర్లు పెట్టిన ఏడాది జరిపే సర్వేలో వచ్చే మార్కులను ఆ వ్యవస్థ గొప్పతనంగా పూర్తిగా నమ్మకూడదు.

ప్రభుత్వ సేవలకు జనంతో మార్కులు వేయించే పద్ధతిని మన దేశంలో మొదలుపెట్టింది బెంగళూరు. ఆర్థికవేత్త శామ్యూల్ పాల్ చొరవతో 1993లో అక్కడి పౌరసేవల మీద 'రిపోర్ట్ కార్డు' తయారైంది. తర్వాత ఆ పనిని పబ్లిక్ అఫైర్స్ సెంటర్ కొనసాగించింది. కంప్యూటరీకరణ ప్రాజెక్టుల ఫలితాలను లెక్కగట్టడంలో అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు సుభాష్ భట్నాగర్ పేరు ముఖ్యమైనది. కార్డ్, ఈసేవ, కర్ణాటక భూరికార్డుల వ్యవస్థ 'భూమి' వంటి ప్రాజెక్టులను ఆయన బృందం పరిశీలించింది. పాత పద్ధతిలో ఎన్నిసార్లు తిరిగారు, కొత్త పద్ధతిలో ఎన్నిసార్లు, నిరీక్షణ ఎంత, లంచం ఎంత అని సేవ పొందినవాళ్లనే అడిగి పోల్చడం ఆ అధ్యయనాల పద్ధతి. 'బాగుందా, బాగోలేదా' అని అడగడం కన్నా ఇది చాలా మెరుగు. అయితే పాత రోజుల్లో ఎన్నిసార్లు తిరిగామన్నది జ్ఞాపకం మీద ఆధారపడిన లెక్క. జ్ఞాపకంలో పాత కష్టం కాస్త పెద్దదవుతుంది, లేదా చిన్నదవుతుంది. ఉన్నది ఉన్నట్టు మాత్రం అరుదుగా ఉంటుంది.

కేంద్ర పరిపాలనా సంస్కరణల శాఖ 2019 నుంచి 'నెస్డా' పేరుతో రాష్ట్రాల ఆన్‌లైన్ సేవలను అంచనా వేస్తోంది. పోర్టల్ అందుబాటు, సమాచారం, వాడకంలో తేలిక, భద్రత, దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునే వీలు వంటివి అందులో కొలమానాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ఏర్పడిన రియల్ టైమ్ గవర్నెన్స్ సంస్థ ఇంకో దారి పట్టింది: 1100 నంబరు నుంచి జనానికి ఫోన్లు చేసి, పథకాల మీద, సేవల మీద అభిప్రాయం అడగడం. దానివల్ల సమీక్షా సమావేశాల్లో 'సంతృప్తి స్థాయి ఎంత?' అన్నది కలెక్టర్లు ఎదుర్కోవలసిన ప్రశ్న అయింది. ప్రభుత్వం నుంచి ఫోను వస్తే, తన వివరాలన్నీ అవతలివాళ్ల దగ్గర ఉన్నాయని తెలిసిన మనిషి ఎంత నిక్కచ్చిగా మాట్లాడతాడన్నది ఆలోచించవలసిన విషయమే.

ఢిల్లీ ప్రయోగం చెప్పింది

లైసెన్సు విషయంలో సంతృప్తికీ న్యాయానికీ మధ్య దూరాన్ని అంకెల్లో చూపించిన పరిశోధన ఒకటుంది. మరియాన్ బెర్‌ట్రాండ్, సిమియన్ జాంకోవ్, రీమా హన్నా, సెంథిల్ ములైనాథన్ అనే నలుగురు ఆర్థికవేత్తలు 2004–05లో ఢిల్లీలో లైసెన్సు కోసం వచ్చిన 822 మందిని మూడు బృందాలుగా చేశారు. ఒక బృందాన్ని వాళ్ల మానాన వదిలేశారు. రెండో బృందానికి తొందరగా లైసెన్సు తెచ్చుకుంటే బహుమతి ఇస్తామన్నారు. మూడో బృందానికి ఉచితంగా డ్రైవింగ్ నేర్పించారు. లైసెన్సు వచ్చాక అందరికీ ముందుగా చెప్పకుండా విడిగా డ్రైవింగ్ పరీక్ష పెట్టారు.

ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. లైసెన్సు పొందినవాళ్లు సగటున అధికారిక రుసుముకు దాదాపు రెండున్నర రెట్లు ఖర్చుపెట్టారు. వాళ్లలో అరవై శాతానికి పైగా మంది అసలు డ్రైవింగ్ పరీక్షకే హాజరు కాలేదు. లైసెన్సు చేతికి వచ్చిననాటికి 54 శాతం మందికి సరిగా నడపడం రాదు. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, అదనంగా పెట్టిన ఆ డబ్బులో ఎక్కువ భాగం నేరుగా అధికారికి ఇచ్చిన లంచం కాదు, ఏజెంటుకు ఇచ్చిన ఫీజు. నడపడం వచ్చినా ఏజెంటు లేకుండా వెళ్లినవాళ్లు తప్పుతూ ఉండేవారు. తప్పడానికీ నైపుణ్యానికీ పెద్ద సంబంధం కనిపించలేదు. ఏజెంట్లు అన్నీ చేయగలిగారా అంటే అదీ లేదు. చిరునామా రుజువు లేకుండా చేయలేకపోయారు, 30 రోజుల గడువును దాటించలేకపోయారు. పరీక్షను మాత్రం తప్పించగలిగారు.

ఇందులో కంప్యూటరీకరణ గురించి ఆలోచించేవాళ్లకు గట్టి సూచన ఉంది. కాగితం, గడువు లాంటి కచ్చితమైన నియమాలను ఏజెంటు వంచలేడు. కంటి తీర్పు మీద ఆధారపడినదాన్ని వంచగలడు. మన కంప్యూటరీకరణ ఎక్కువగా మొదటి రకం పనులకే జరిగింది. అంటే ముందే కాస్త బాగున్నచోట ఇంకా బాగుచేశాం.

ఏజెంటు ఎక్కడికీ పోలేదు

రవాణా శాఖ (ఆర్టీఏ) ఆఫీసుల ఎదురుగా ఉండే జిరాక్సు షాపులు, ఆన్‌లైన్ సెంటర్లు, డ్రైవింగ్ స్కూళ్లు చూస్తే ఈ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. పాతకాలపు ఏజెంటు చేతిలో ఫారాల కట్ట ఉండేది, ఇప్పటి ఏజెంటు ముందు లాప్‌టాప్ ఉంటుంది. అతను అమ్మే సరుకు కూడా కొంత మారింది. స్లాట్ బుక్ చేస్తాడు, ఫొటో సైజు తగ్గించి అప్‌లోడ్ చేస్తాడు, రుసుము తన ఖాతా నుంచి కట్టి మీద కొంత తీసుకుంటాడు, ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో వచ్చే ప్రశ్నల కాగితం ఇస్తాడు. వీటిలో చాలావరకు తప్పేమీ లేని పనులు. చదువు తక్కువైన ఆటో డ్రైవరుకు అతను చేసేది నిజమైన సాయమే. చిక్కల్లా ట్రాక్ దగ్గర 'నేను మాట్లాడతాను' అన్నప్పుడు వస్తుంది.

ఏజెంటు ద్వారా వెళ్లినవాడు సర్వేలో పోర్టల్‌కు మంచి మార్కులు వేయడం సహజం. అతను పోర్టల్‌ను చూడనే లేదు. ఏజెంటు చూశాడు. దరఖాస్తులో రాసిన ఫోను నంబరు కూడా ఒక్కోసారి ఏజెంటుదే. అలాంటప్పుడు అభిప్రాయం అడిగే ఫోను ఎవరికి మోగుతుందో ఊహించుకోవచ్చు.

ఇంటి నుంచి రాసే పరీక్షలతో ఇంకో తలనొప్పి వచ్చింది. కేంద్రం 2021 మార్చిలో ఆధార్ ధ్రువీకరణతో 18 సేవలను, 2022 సెప్టెంబరులో మొత్తం 58 సేవలను ఆఫీసుకు రాకుండా పొందే వీలు కల్పించింది. లైసెన్సు రెన్యువల్, చిరునామా మార్పు వంటివాటికి ఇది నిజంగా వరం. ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షను కూడా ఇంట్లో కెమెరా ముందు రాసే పద్ధతి వచ్చిన రాష్ట్రాల్లో తెర ముందున్నది ఒకరు, తెర వెనుక జవాబు చెప్పేది ఇంకొకరు కావడానికి పెద్ద తెలివి అక్కరలేదు. సౌకర్యం పెరిగిన మేరకు సంతృప్తి పెరుగుతుంది, పరీక్ష విలువ అదే మేరకు తగ్గుతుంది.

సర్వేకు అందనివాళ్లు

ఏ సంతృప్తి సర్వే అయినా సేవ దాకా వచ్చినవాళ్లనే అడుగుతుంది. రాలేకపోయినవాళ్లు లెక్కలోకి రారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో మహిళలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి కాబట్టి ఈ అంకెలు కొంత మారి ఉండాలి. అయినా ఫోనులో వీడియో చూడడం వేరు, ఇంగ్లీషు ఫారం నింపి, ఓటీపీ గడువు దాటకముందే కొట్టి, వంద కేబీ లోపు ఫైలు ఎక్కించడం వేరు. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరు 2న మొదలుపెట్టిన గ్రామ సచివాలయాలు, రెండు రాష్ట్రాల్లోని మీసేవ కేంద్రాలు ఈ ఖాళీని కొంత పూడ్చాయి.

తప్పినవాళ్ల సంగతి మరీ విచిత్రం. లైసెన్సు రానివాడిని సంతృప్తి అడగడం దేనికని చాలామంది అనుకుంటారు. నిజానికి అడగవలసిన మొదటి మనిషి అతనే. 'తప్పాను, ఎందుకు తప్పానో చెప్పారు, అది న్యాయమే' అని అతను అంటే ఆ వ్యవస్థకు అంతకన్నా మంచి మార్కు లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లది వేరే ఇబ్బంది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గడువు తీరితే దాని కోసం స్వదేశానికి రావలసి వచ్చేది. 2021 జనవరిలో కేంద్రం నిబంధన సవరించి, ఆయా దేశాల్లోని భారత రాయబార కార్యాలయాల ద్వారా దరఖాస్తు చేసుకునే వీలు ఇచ్చింది.

భవనాలు, పరిశ్రమలు

వ్యాపార అనుమతుల రంగంలో సంతృప్తి కొలత ఏకంగా రాష్ట్రాల మధ్య పోటీ అయింది. కేంద్రం 2015లో వ్యాపార సౌలభ్య ర్యాంకులు మొదలుపెట్టినప్పుడు గుజరాత్ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో, తెలంగాణ పదమూడో స్థానంలో ఉన్నాయి. మరుసటి ఏడాదికి రెండు తెలుగు రాష్ట్రాలు 98.78 శాతంతో కలిసి మొదటి స్థానం పంచుకున్నాయి. అప్పటి లెక్క ఎక్కువగా రాష్ట్రాలు సమర్పించిన ఆధారాల మీద నడిచేది: ఫలానా జీవో ఇచ్చాం, ఫలానా పోర్టల్ తెరిచాం అని. అందరికీ తొంభై దాటిన మార్కులు రావడం మొదలయ్యాక, సంస్కరణ కాగితం మీద ఉందా, ఆఫీసులో ఉందా అన్న అనుమానం వచ్చింది. 2019 సంవత్సరానికి ఇచ్చిన ర్యాంకుల్లో పూర్తి బరువు వినియోగదారుల అభిప్రాయానికే ఇచ్చారు. ముప్పై వేల మందికి పైగా అభిప్రాయాలు తీసుకున్నారు. 2020 సెప్టెంబరులో వెలువడిన ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానం నిలుపుకుంది. ఉత్తరప్రదేశ్ ఎక్కడినుంచో రెండో స్థానానికి ఎగబాకింది, తెలంగాణ మూడోది అయింది. ఎవరిని అడుగుతామన్నదాన్ని మార్చితే జాబితా ఎంత కదులుతుందో ఇక్కడ తెలిసింది.

తెలంగాణలో భవన అనుమతుల కోసం 2020 నవంబరులో వచ్చిన టీఎస్ బీపాస్ ఇంకో తరహా ఆలోచన. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతే అక్కరలేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 చదరపు గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు కట్టడాలకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంతకు పెద్దవాటికి 21 రోజుల గడువు. తప్పుడు వివరాలిచ్చినట్టు తర్వాత తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం ఉంది. ముందు తనిఖీని వెనక్కి జరపడం అన్నమాట. అనుమతి పొందిన రోజున సంతృప్తి నూటికి నూరు. ఆ సంతృప్తి ఎంతవరకు నిలుస్తుందన్నది తర్వాతి తనిఖీ ఎంత నిజాయతీగా జరుగుతుందన్నదాని మీద ఉంటుంది.

కార్డు నుంచి ఫోనుకు

2018లో కేంద్రం డిజిలాకర్, ఎం-పరివాహన్‌లలోని లైసెన్సుకు అసలు కాగితంతో సమాన విలువ ఇచ్చింది. ఆ ధైర్యంతో 2023లో ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ లైసెన్సు, ఆర్‌సీలకు ప్లాస్టిక్ కార్డులు ఇవ్వడం ఆపేసింది. ప్లాస్టిక్ మిగిలింది, ఖర్చు తగ్గింది. కానీ రోజంతా లారీ మీద ఉండి రాష్ట్రాలు దాటే డ్రైవరుకు ఫోను చార్జింగ్ అయిపోయినా, సిగ్నల్ లేకపోయినా చేతిలో ఏమీ ఉండదు. చెక్‌పోస్టు దగ్గర అధికారి 'కార్డు ఏదీ?' అంటే జీవో చూపించలేడు. జేబులో పెట్టుకుని తిరిగే వస్తువుకు జనం ఇచ్చే విలువ ఏ సాఫ్ట్‌వేర్ లెక్కలోకీ రాలేదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. కొత్త యాప్ దించుకోనక్కరలేకుండా, అందరికీ అలవాటైన చోటికే ప్రభుత్వం రావడం ఇందులో తెలివైన అడుగు.

పరీక్షను యంత్రానికి అప్పగిస్తే

చాలాకాలం ముట్టుకోని చోటికి, అంటే ట్రాక్ మీదికి, యంత్రం ఇప్పుడిప్పుడే వస్తోంది. సెన్సర్లు, కెమెరాలు అమర్చిన ట్రాకులు కొన్ని రాష్ట్రాల్లో నడుస్తున్నాయి. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ తయారుచేసిన 'హామ్స్' వ్యవస్థను 2019లో దేహ్రాదూన్‌లో ప్రవేశపెట్టారు. కారు అద్దానికి ఒక స్మార్ట్‌ఫోను బిగిస్తారు. అది ముందు కెమెరాతో డ్రైవరును, వెనుక కెమెరాతో ట్రాక్‌ను చూస్తూ, ఎక్కడ గీత తప్పాడు, ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ కదిలించాడు, అద్దంలో చూశాడా లేదా అన్నది నమోదు చేస్తుంది. పరీక్షలో ఎక్కడ పొరపాటు జరిగిందో తప్పినవాడికి చూపించవచ్చు.

ఇలాంటి మార్పులకు జనం చప్పట్లు కొడతారనుకుంటే పొరపాటు. కేరళలో 2024లో పరీక్షను కఠినం చేసి, రోజుకు పెట్టే పరీక్షల సంఖ్యకు కోత పెట్టగానే డ్రైవింగ్ స్కూళ్లు పరీక్షా మైదానాల దగ్గర ఆందోళనకు దిగాయి. ప్రభుత్వం కొంత సడలించక తప్పలేదు. ఆ వారం ఎవరైనా సంతృప్తి సర్వే చేసి ఉంటే కేరళ రవాణా శాఖకు అట్టడుగు మార్కులు వచ్చేవి, అది సరైన పని చేస్తున్న వారంలోనే.

కేంద్రం ఎంచుకున్న మరో దారి దీనికి భిన్నం. 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రంలో శిక్షణ పూర్తిచేసి అక్కడి పరీక్షలో నెగ్గినవారికి ఆర్టీఏ ట్రాక్ మీద పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. ఆ కేంద్రానికి స్థలం, సిమ్యులేటరు, ట్రాక్ ఇంత ఉండాలని నిబంధనలు కచ్చితంగా చెబుతాయి. ఫీజు కట్టిన శిష్యుడిని తప్పించే గురువు ఎంతమంది ఉంటారన్నది నిబంధనల్లో రాసే విషయం కాదు. పరీక్ష పెట్టే అధికారం ఇప్పుడు ఫీజు తీసుకునేవాడి చేతికీ వచ్చింది కాబట్టి, ఇకపై సర్వే చేసేవాళ్లు శిక్షణ కేంద్రాల వారీగా ఎంతమంది నెగ్గారు, ఎంతమంది తప్పారు, నెగ్గినవాళ్లలో తర్వాత ఎందరు ప్రమాదాలు చేశారు అన్న మూడు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. లైసెన్సుల వివరాలు సారథిలో ఉన్నాయి, ప్రమాదాల వివరాలు పోలీసుల దగ్గర ఉన్నాయి.